సారుగారు పంపిన పసుపు బొమ్మ



ఈ నెల మీతో మాట్లాడదలచినది చాలా చిన్న వస్తువును గూర్చి. బఠాణీ గింజంత ఉంటుంది. పసుపు రంగు, గుండ్రని మొహం, రెండు కళ్ళు, ఒక నోరు. చదువుకున్నవారు దీనిని ఎమోజీ అంటారు. మన పల్లెల్లో "బొమ్మ" అంటే చాలు. "సారు బొమ్మ పెట్టారండి" అంటే అందరికీ తెలిసిపోతుంది. ఇంత చిన్న దానికి కుటుంబ పత్రికలో ఇంత చోటెందుకని పెద్దలు కొందరు అనుకోవచ్చు. అయితే ఈ రెండేళ్ళలో ఫోను పట్టుకొని వచ్చి "అయ్యగారూ, ఈ బొమ్మకు అర్థమేమిటండి?" అని నన్ను అడిగినవారు, బైబిలు పట్టుకొని వచ్చి ఈ వచనానికి అర్థమేమిటని అడిగినవారికంటె తక్కువేమీ లేరు.

మా ఉప్పలగుప్తం మండలం ఎరుగని పాఠకుల కోసం ఒక మాట. అమలాపురానికి దగ్గరలో, సముద్రం వైపున ఉన్న మండలమిది. కొబ్బరి తోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు, ఎస్.యానాం దగ్గర సముద్రం. చాలా ఇళ్ళలో తల్లి కువైట్‌కో మస్కట్‌కో దుబాయికో ఇంటి పనికి వెళ్ళి ఉంటుంది. పిల్లలు మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతుంటారు. బడిని, ఇంటిని, ఆ దూరదేశాన్ని కలిపి కట్టే తాడు ఇప్పుడు వాట్సాప్ ఒక్కటే. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడ్డాయి. సప్తగిరి టీవీలో పాఠాలు వచ్చేవి గాని, ఇంటిపని ఇవ్వడానికీ దిద్దడానికీ ఉపాధ్యాయులు తరగతికొక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. బడులు తిరిగి తెరిచారు, గ్రూపులు మాత్రం మూయలేదు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వమే "మన మిత్ర" అనే పేరుతో వాట్సాప్ ద్వారా సేవలు మొదలుపెట్టి, ఆ ఏడాది ఇంటర్, పదవ తరగతి పిల్లల హాల్‌టికెట్లను కూడా అందులో అందించింది. ఇక వద్దనుకున్నా అది మన ఇళ్ళలోనుండి పోయేది కాదు.

పట్నాల్లోని కాలేజీలలోను, విదేశాల విశ్వవిద్యాలయాలలోను ఈ పని ఈమెయిలు చేస్తుంది. మనకు వాట్సాప్ చేస్తుంది. ఏది చేసినా ప్రశ్న ఒకటే. గురువుగారి మొహం కనబడనిచోట, ఆయన మాట చివర పెట్టిన ఆ బఠాణీ గింజను చూచి, పిల్లలు ఆయనను ఎటువంటి మనిషి అనుకుంటారు?

జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పేరూ, ఊరూ, బడీ అడగవద్దు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. తల్లి కువైట్‌లో ఉంది. లెక్కల పరీక్షలో పిల్లకు 50కి 11 మార్కులు వచ్చాయి. సారుగారు తరగతి గ్రూపులో మార్కుల జాబితా పెట్టి, ఆ అమ్మాయి పేరు ఎదుట కన్నీళ్ళు కారుతున్న బొమ్మ ఒకటి పెట్టారు. "నీ మార్కులు చూస్తే నాకు బాధగా ఉందమ్మా" అని ఆయన ఉద్దేశం. ఆయన వేలు పడింది మాత్రం ఏడుపు బొమ్మ మీద కాదు, నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు పెట్టుకున్న బొమ్మ మీద. రెండింటికీ నీళ్ళుంటాయి. చత్వారం వచ్చిన కంటికి, గీతలు పడిన తెర మీద, ఆ రెండింటికీ భేదం తెలియదు. పిల్లల కళ్ళకు మాత్రం తెలుస్తుంది. అయిదు నిమిషాలలో ఇద్దరు ముగ్గురు పిల్లలు దాని కింద అదే బొమ్మను వరుసగా పేర్చారు.

కువైట్‌లో గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఆ తల్లి వంటగిది సర్దుకొని రాత్రి ఫోను చేతికి తీసుకొనేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటింది. అత్తగారిని నిద్రలేపి, "ఏంటత్తయ్యా, సారు మన పిల్లను చూసి నవ్వుతున్నాడా?" అని ఏడ్చింది. మర్నాడు పిల్ల బడికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. మూడో రోజు సాయంత్రం మామ్మగారు ఫోను కొంగులో చుట్టుకొని మా ఇంటికి వచ్చారు.

మేమిద్దరం బడికి వెళ్ళాము. సారుగారు నివ్వెరపోయారు. "నేను పెట్టింది ఏడుపు బొమ్మేనండి" అన్నారు. కళ్ళజోడు పెట్టుకొని, ఫోను దగ్గరకు తెచ్చుకొని, చాలాసేపు చూచారు. తరువాత మాట్లాడలేదు. మర్నాడు తరగతిలో అందరి ఎదుట ఆ పిల్లతో సంగతి చెప్పారు. మంచి మనిషి. బడి అయ్యాక ఉండి, రూపాయి తీసుకోకుండా లెక్కలు చెప్పే మనిషి. పిల్లకు ఆ సంగతి తెలుసు గనుక రెండు రోజుల్లో మామూలైపోయింది. తల్లికి మాత్రం ఏడాది పట్టింది. ఎందుకంటే ఆమె ఆయనను ఏనాడూ చూడలేదు. ఆయన గొంతు వినలేదు. ఆమె వరకు ఆ బొమ్మే సారుగారు.

(మార్కులు అందరి ఎదుట పెట్టడమే అసలు తప్పని ఎవరైనా అంటే నేను కాదనను. అది వేరే నెల మాట్లాడుకోవలసిన సంగతి.)

ఈ బొమ్మల పుట్టుక చూస్తే ఆశ్చర్యమనిపిస్తుంది. అపార్థాలు పోగొట్టడానికే ఇవి పుట్టాయి. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల మీద అందరూ చదువుకొనే నోటీసు బోర్డు ఒకటి ఉండేది. దానిలో ఒకరు హాస్యానికి రాసినది మరొకరు నిజమనుకొని గొడవపడేవారు. 1982 సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పాడు. హాస్యానికి రాసినదాని చివర రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ పెట్టండి, తల పక్కకు వంచి చూస్తే నవ్వుతున్న మొహంలా ఉంటుంది అన్నాడు. తరువాత జపాన్‌లో సెల్‌ఫోన్ కంపెనీలు చిన్న బొమ్మలు తయారు చేశాయి. 1999లో షిగెటక కురిటా అనే ఆయన డొకోమో కంపెనీ కోసం 176 బొమ్మలు గీశాడు. ఒక్కొక్కటి నిలువు 12, అడ్డం 12 చుక్కల్లో ఇమిడిపోయేది. ముగ్గులు వేసే మన ఆడపిల్లలకు ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. 2010లో ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్ అనే ఏర్పాటులోకి ఇవి చేరాయి. మన "అ ఆ ఇ ఈ"లకు ఉన్నట్టే వీటికీ సంఖ్యలున్నాయి. ఇప్పుడు 3,700 పైచిలుకు బొమ్మలు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు ఆ సంవత్సరపు మాటగా ఒక బొమ్మను ఎంచారు. ఏ బొమ్మను అనుకున్నారు? మన సారుగారి వేలు పడిన ఆ కన్నీళ్ళ నవ్వు బొమ్మనే.

మాటకు పక్కన ఒక గుర్తు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. శుభలేఖ నాలుగు మూలలకూ పసుపు పూసి ఉంటే, చదువు రాని ఇల్లాలు కూడా కవరు చింపకముందే నవ్వేది. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. 2013 జులైలో మన దేశంలో ఎత్తివేసే వరకు టెలిగ్రాంలో శుభాకాంక్షలకు అంకెలుండేవి. ఫలానా అంకె చెబితే, పెళ్ళివారికి ఇంగ్లీషులో అచ్చు వాక్యం ఒకటి వెళ్ళేది. పంపినవాడు ఒక్క మాట కూడా సొంతంగా రాయలేదు, పుచ్చుకున్నవారు మాత్రం అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

బడిలో గుర్తంటే ఎర్ర సిరా. నోటుపుస్తకంలో లెక్క కింద సారు "గుడ్" అని రాస్తే, ఆ పేజీ తెరిచి ఉంచుకొనే ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళం. ఎర్ర సిరాతో పెద్ద గుండ్రం చుడితే పుస్తకం సంచి అడుగుకు పోయేది. అప్పుడు ఆ గుర్తు పెట్టిన మనిషి ఎదురుగా ఉండేవాడు. బెత్తం ఉన్న చెయ్యీ అదే, వీపు తట్టిన చెయ్యీ అదే. అందుచేత గుర్తు ఒక్కటే అయినా, ఎవరు పెట్టారో దానిని బట్టి పిల్లవాడు అర్థం చేసుకొనేవాడు. ఇప్పుడు మనిషి కంటె ముందు గుర్తు వచ్చి ఇంట్లో కూర్చుంటోంది. కొత్తగా బదిలీ అయి వచ్చిన టీచరుగారిని పిల్లలు మొదట ఫోనులో చూస్తున్నారు, తరువాతనే తరగతిలో చూస్తున్నారు.

పండితులు దీనిని పరీక్షించి చూచారు. 2017లో ఇజ్రాయెల్ దేశపు బెన్ గురియన్, హైఫా విశ్వవిద్యాలయాలవారు, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంవారు కలిసి చేసిన పరిశోధన ఒకటి ప్రకటించారు. 29 దేశాలకు చెందిన 549 మంది అందులో పాల్గొన్నారు. తమకు ముఖపరిచయం లేనివారి దగ్గరనుండి వచ్చిన ఈమెయిళ్ళు వారికి చూపించి, ఈ రాసిన మనిషి మీకెలా తోస్తున్నాడని అడిగారు. కొన్ని ఉత్తరాలలో నవ్వు బొమ్మ ఉంది, కొన్నింటిలో లేదు. నవ్వు బొమ్మ పెట్టినవాడు ఆప్యాయత గలవాడనిపించాలి గదా? అలా అనిపించలేదు. పైగా, పని చేతగానివాడేమో అనిపించింది. అదే మనిషి నవ్వుతున్న ఫోటో చూపిస్తే మాత్రం ఆప్యాయుడనీ, సమర్థుడనీ అన్నారు. నిజమైన నవ్వు చేసే పనిని గీసిన నవ్వు చేయలేదన్నమాట. మరొక విశేషం. పని మీద రాసిన ఉత్తరంలో నవ్వు బొమ్మ లేనప్పుడు జవాబులు వివరంగా వచ్చాయి, బొమ్మ ఉన్నప్పుడు క్లుప్తంగా వచ్చాయి. ఇంటిపని అడిగే టీచర్లు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.

అయితే అది ఉద్యోగాల ఉత్తరాల వంటివాటితో, బొత్తిగా పరిచయం లేనివారితో చేసిన పరిశోధన. మన పిల్లలు రోజూ ప్రార్థన బెల్లు దగ్గర సారును చూస్తారు. అక్కడ లెక్క మారుతుందని నా అభిప్రాయం. మొహం ముందు తెలిస్తే, బొమ్మ ఆ మొహాన్ని తొడుక్కుంటుంది. మెత్తని టీచరమ్మ పెట్టిన నవ్వు మెత్తగానే కనబడుతుంది. తరగతిలో ఎన్నడూ నవ్వని సారు అదే బొమ్మ పెడితే పిల్లలు గుండె పట్టుకుంటారు. "రేపు ఉందిరా మనకి" అనుకుంటారు. కాబట్టి పరిచయానికి ముందు పెట్టే బొమ్మ వేరు, పరిచయమయ్యాక పెట్టే బొమ్మ వేరు. ఆ తల్లికి, ఆ పిల్లకు మధ్య తేడా వచ్చింది ఇక్కడే.

ఉత్తరం ఒక రకంగా, మనిషి మరొక రకంగా ఉన్నాడన్న మాట అపొస్తలుడైన పౌలుకే తప్పలేదు. కొరింథులో ఆయన ఏడాదిన్నర కాపురముండి బోధించాడు. అయినా ఆ ఊరివారిలో కొందరు, ఈయన పత్రికలు బరువుగా ఉంటాయి గాని ఎదుటికి వస్తే ఏమీ లేదని చెప్పుకున్నారు. రెండవ కొరింథీ పత్రిక పదవ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. ఆయన దానిని దాచిపెట్టలేదు, తానే ఎత్తి రాశాడు. గలతీయులకు రాసిన పత్రిక చివర తన సొంత చేతితో పెద్ద అక్షరాలు రాసి చూపించాడు. ఇది నేనే, ఇదిగో నా చెయ్యి అన్నట్టు. యోహాను పెద్దాయన మరీ తెలివైనవాడు. రెండు చిన్న పత్రికల చివరా, ఇంకా చాలా చెప్పాలి గాని సిరాతో రాయడం వద్దు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాను అని ముగించాడు. నేటి హెడ్మాస్టర్లలో ఎందరికి ఆ పద్ధతి ఉంది?

ఇక ఒకే బొమ్మకు అందరూ ఒకే అర్థం చెబుతారా అంటే అదీ లేదు. 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు ఒకే బొమ్మను చాలామందికి చూపించి, ఇది మంచి మాటా, చెడ్డ మాటా, మధ్యరకమా అని అడిగితే, నాలుగోవంతు సందర్భాలలో ఒకరి జవాబు మరొకరితో కలవలేదు. ఫోను కంపెనీ మారితే బొమ్మ గీత కూడా మారుతుంది. ఆ రోజుల్లో ఒక కంపెనీ ఫోనులో హాయిగా నవ్వుతున్న మొహం, మరొక కంపెనీ ఫోనులో పళ్ళు కొరుకుతున్నట్టు కనబడేది. సారు ఖరీదైన ఫోనులో నవ్వు పంపితే, మామ్మ చేతిలోని పాత ఫోనులో అది ఏమై వచ్చిందో సారుకు ఎలా తెలుస్తుంది? కొత్త బొమ్మలైతే పాత ఫోనులో అసలు రానే రావు, ఖాళీ గడి ఒకటి వచ్చి కూర్చుంటుంది.

వయసు తేడా కూడా ఉంది. మా సంఘపు యౌవనస్థుల గ్రూపులో నేనొకసారి హాస్యానికి ఒక మాట రాస్తే, ఇంటర్ చదివే అబ్బాయి పుర్రె బొమ్మ పెట్టాడు. ఆ రాత్రే వాళ్ళ తాతగారు వచ్చి, "అయ్యగారూ, మావాడికి మీ మీద ఏంటండి కోపం? చేతబడి బొమ్మ పెట్టాడు" అన్నారు. నవ్వలేక చచ్చిపోతున్నాను అని ఈ కాలపు పిల్లల భాషలో దాని అర్థం. పెదవులు కొంచెమే సాగిన మామూలు నవ్వు బొమ్మను మన వయసువారు మర్యాదకు పెడతాము. పిల్లలేమో దానిని వెటకారం కింద తీసుకుంటారు. ముడిచిన చేతుల బొమ్మ సంగతి మరీ తమాషా. యూనికోడ్‌లో దాని పేరు ముడిచిన చేతులు, అంతే. జపాన్‌వారికి అది కృతజ్ఞత, బ్రతిమాలడం. మన హెడ్మాస్టరుగారికి నమస్కారం. మనకేమో ప్రార్థన. "ఫీజు బకాయి వెంటనే చెల్లించగలరు" అన్న మెసేజి కింద ఆ చేతులు చూసి, మూడో తరగతి పిల్ల "మన కోసం సారు కూడా ప్రార్థన చేస్తున్నారమ్మా" అన్నదట. తల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బొటనవేలి బొమ్మ దగ్గర మాత్రం కొంచెం ఆగుదాం. మన మామ్మలకు వేలిముద్ర అంటే సంతకం. రేషను దగ్గర అదే, పింఛను దగ్గర అదే, పొలం కాగితం మీద అదే. ఫోనులో కూడా బొటనవేలు కనబడితే "చూశాను" అన్నట్టు నొక్కేస్తున్నారు. కెనడా దేశంలో ఒక రైతుకు 2021లో ధాన్యం కంపెనీవారు అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని ఫోటో తీసి పంపి, ఖాయం చేయమని అడిగారు. ఆయన బొటనవేలి బొమ్మ పంపాడు. తీరా ధర పెరిగింది, సరుకు ఇవ్వలేదు. కాగితం అందింది అని చెప్పడానికే వేలు పెట్టానన్నాడు. 2023లో సస్కాచెవాన్ రాష్ట్రపు న్యాయస్థానం, ఆ వేలు సంతకంతో సమానమని చెప్పి, దాదాపు 82 వేల కెనడా డాలర్లు కట్టమన్నది. మన దేశంలో ఇందుకు తిరగబడిన తీర్పు వచ్చింది. రైల్వే రక్షణ దళంలో ఒక పై అధికారి హత్యను గూర్చిన మెసేజి కింద ఒక కానిస్టేబులు బొటనవేలి బొమ్మ పెట్టినందుకు అతనిని ఉద్యోగంలోనుండి తీసివేశారు. 2024లో మద్రాసు హైకోర్టు, అది హత్యను చూసి సంతోషించడం కాదు, మెసేజి చూశానని తెలియజేయడమే అని చెప్పి, అతనిని ఉద్యోగంలోకి తీసుకోవాలన్న తీర్పును నిలబెట్టింది. రెండు దేశాలు, ఒక్కటే వేలు. బడివారు విహారయాత్రకు పిల్లను పంపుతారా అనో, ఫలానా రుసుము కడతారా అనో అడిగినప్పుడు, చదవకుండా ఆ వేలు నొక్కవద్దని మామ్మగారికి ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంచండి.

మరొక బొమ్మ ఉంది. ఎర్రని హృదయం. రెండో తరగతి టీచరమ్మ పిల్లల గ్రూపులో అందరికీ హృదయం పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఎదిగిన ఆడపిల్లకు, గ్రూపులో గాక విడిగా, రాత్రి పది దాటాక ఒక మాస్టారి దగ్గరనుండి ఆ హృదయం వస్తే అది బొమ్మల చర్చ కాదు. "ఆయన అందరికీ అలానే పెడతారమ్మా" అని పెద్దలు సర్దిచెప్పకూడదు. పిల్ల మొహం చూడండి, ఆమె ఏమనుకుంటున్నదో ముందు వినండి. దురుద్దేశంతో పిల్లలను ఫోను ద్వారా పదే పదే పలకరించడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. సహాయానికి 1098కి ఫోను చేయవచ్చు. మంచి మాస్టార్లకు కూడా ఇది రక్షణే. విడిగా రాయవలసి వస్తే తల్లికో తండ్రికో రాస్తే సరిపోతుంది.

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న మా సంఘపు అబ్బాయి ఒకడు, తన ప్రొఫెసరుకు ఎంతో వినయంగా పెద్ద ఉత్తరం రాస్తే, జవాబుగా ఒక్క మాట, ఒక నవ్వు బొమ్మ వచ్చిందని బెంబేలెత్తి ఫోను చేశాడు. "నన్ను ఎగతాళి చేస్తున్నారేమోనండి" అన్నాడు. మన దగ్గర ప్రొఫెసరు నవ్వడు గదా. అక్కడ అది మామూలు స్నేహభావమని సెమిస్టరు గడిచాక తెలిసింది. వాడికి చెప్పినదే ఇక్కడ ఇంజనీరింగు చదువుతున్న పిల్లలకూ చెబుతాను. ముందు వారు పెడితే మీరు పెట్టవచ్చు. మొదటి ఉత్తరంలో మీరై పెట్టవద్దు.

మన పాఠకులలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. బొమ్మలు అసలు వద్దని నేను చెప్పబోవడం లేదు. చప్పగా "రేపు రావలెను" అని వచ్చే ఆజ్ఞకంటె, చివర ఒక పువ్వు ఉన్న మాట చదవడానికి పిల్లలకు హాయిగా ఉంటుంది. నేను అడిగేది ఇంతే. ముందు పిల్ల పేరు రాయండి, తరువాత తెలుగులో ఒక పూర్తి వాక్యం రాయండి, ఆపైన బొమ్మ పెట్టాలనుకుంటే పెట్టండి. వాక్యం ఉంటే, బొమ్మ తప్పు పడినా వాక్యం కాపాడుతుంది. ఆ సారుగారు "ఈసారి తగ్గాయమ్మా, రేపు నా దగ్గరకు రా" అని రాసి ఉంటే, ఏ బొమ్మ పడినా కువైట్‌లో ఆ తల్లి నిద్రపోయేది. మందలింపుకు మాత్రం బొమ్మ వద్దు. తిట్టి నవ్వు బొమ్మ పెడితే, తిట్టు పోదు సరిగదా, నవ్వు కూడా తిట్టవుతుంది. ఇంట్లో చదవలేని పెద్దలుంటే గొంతు పంపండి. వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కి అరనిమిషం మాట్లాడితే చాలు. మామ్మగారు పక్కింటి కుర్రాడిని బ్రతిమాలనక్కరలేకుండా తానే వింటారు.

తల్లులకు కూడా ఒక మాట. సారు బొమ్మ చూసి మనసు కష్టపెట్టుకున్నప్పుడు, గ్రూపులో అందరి ఎదుటా జవాబు రాయకుండా, ఆయనకే ఫోను చేసి అడగండి. "సారూ, ఇది ఏ ఉద్దేశంతో పెట్టారండి?" అని అడగడానికి సిగ్గెందుకు? నూటికి తొంభైమంది గురువులు ఆ బొమ్మను రెండోసారి చూడకుండా పంపినవారే.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడులలో ఒకే రోజున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం జరిపారు. నేను పైన చెప్పిన మామ్మగారు ఆ రోజు మనుమరాలి బడికి వెళ్ళి, కోడలికి వీడియో కాల్ చేసి, ఫోనును తిన్నగా లెక్కల సారు మొహం ఎదుట పట్టుకున్నారు. "ఇదిగోనమ్మా, సారు. మాట్లాడు" అన్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ మీదట పిల్ల లెక్కల మీద తల్లి మరి ఫిర్యాదు చేయలేదని మాత్రం మామ్మగారు చెప్పారు.

మా మండలంలోనే ఒక చిన్న బడిలో రెండో తరగతి చెప్పే టీచరమ్మ ఒకరున్నారు. తల్లులు విదేశంలో ఉన్న పిల్లలు ఆమె తరగతిలో ఆరుగురు. సాయంత్రం ఏడింటికి, రోజుకొక్క పిల్లను గూర్చి, ఆ తల్లికి మాత్రమే నాలుగు ముక్కలు రాస్తారు. "ఈ రోజు మీవాడు గుణింతం తప్పులేకుండా రాశాడు. మధ్యాహ్నం గుడ్డు పక్కపిల్లకు ఇచ్చేశాడు, నేను ఇంకొకటి పెట్టించాను. ముందుపన్ను ఊడింది, ఏడవలేదు." చివర ఒకే ఒక్క మందారపువ్వు బొమ్మ. ఏ రోజైనా ఆ పువ్వే, మరొకటి పెట్టరు. మస్కట్‌నుండి సెలవుకు వచ్చిన ఒక తల్లి మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక తన ఫోను నాకు చూపించింది. ఆ మెసేజీలన్నిటికీ నక్షత్రం గుర్తు పెట్టి దాచుకుంది. పైకి జరుపుతూ లెక్కపెట్టాను, ముప్పై ఒకటి ఉన్నాయి.